దేశాటనమున టముకు

ఆత్మస్తుతి మరణముతో సమానమని చదువుకొని పెరిగిన తరమొకటియు, తన్ను గూర్చి తాను చెప్పుకొననివానికి పూట గడువదని దినదినము చూచుచున్న తరమొకటియు ఒకే యరుగుమీద కూర్చుండినచో మాట ఎంతదూరము పోవునో, మొన్నటి దసరా సెలవులలో రాజమహేంద్రవరమున మా పొరుగింట విని తెలిసికొంటిని. మాటలాడినవారిలో ఒకరు ఉన్నత పాఠశాలలో చిరకాలము తెలుగు పండితులుగా నుండి విశ్రాంతి పొందిన మేనమామ. రెండవయామె ఆయన మేనకోడలు. వ్యాపారస్థులకు వెబ్‌సైట్లు కట్టియిచ్చుట ఆమెకు వృత్తి. ఏ యూరను రెండు మాసములకు మించి నిలువకుండుట వ్రతము. ఆమెకు యజమాని లేడు, కార్యాలయము లేదు, నెలజీతము లేదు. వినినది వినినట్లు వ్రాయుచున్నాను. ఉండబట్టక నేను చేర్చిన మాటలను మాత్రము కుండలీకరణములలో నుంచితిని.

మామయ్య: అమ్మాయీ, వర్కలలో సముద్రమునకు ఎదురుగా ఊయలలో పరుండి, ఒడిలో ల్యాప్‌టాప్ నుంచుకొని, "నేటి నా కార్యాలయము" అని క్రింద వ్రాసి నీవు లోకమునకు ప్రకటించిన ఛాయాచిత్రమును మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపినది. చిత్రము బాగుగనే యున్నది. కాని ఎండ తెరమీద పడి నీకొక్క యక్షరమైనను కనబడుచున్నట్లు తోచదు. అది యటుంచుము. దానిని చూచి నీకు పని యిచ్చినవాడొక్కడైన నున్నాడా?

మేనకోడలు: లేడు మామయ్యా. మెచ్చినవారు మాత్రము కొల్లలు. వారిలో సగముమంది, ఉద్యోగము మాని తామును ఇట్లు తిరుగుట యెట్లో చెప్పుమని యడిగినవారే. వారు నాకు పని యిచ్చువారు కారు. రేపు నా పనికే పోటీకి వచ్చువారు.

మామయ్య: మఱి ఎందులకీ టముకు?

మేనకోడలు: వేయక గతి లేదు కనుక. కంపెనీలో నున్నవానికి కంపెనీ బోర్డే చాటింపు; ఊరిలో స్థిరపడినవానికి ఇరుగుపొరుగుల నోరే చాటింపు. నాకు బోర్డు లేదు, దానిని తగిలించుకొనుటకు గోడయు లేదు. పనిచేయుట యొక పని, పని తెచ్చుకొనుట రెండవ పని. ఈ రెండవదానికి ఎవ్వరును కూలి యియ్యరు.

మామయ్య: పని బాగుగ నున్నచో తానే పిలిపించుకొనును. కస్తూరికి పరిమళమున్నదని ప్రమాణము చేసి చెప్పవలసిన పని లేదని పెద్దలనిరి.

మేనకోడలు: ఆ పరిమళము తెలియుటకు ముక్కు దగ్గఱ నుండవలెను గదా! నా ఖాతాదారు బోస్టన్‌లో నున్నాడు. అదియునుగాక, కోపగింపనిచో నొకమాట. మీరు స్వంత డబ్బుతో అచ్చువేయించిన శతకము ఎంత మంచిదో నాకు తెలియును, చిన్ననాడు మీ నోటనే వినియున్నాను. దాని ప్రతులు కట్టలు కట్టినట్లే అటకమీద నున్నవి. పరిమళము వీధి గుమ్మమైనను దాటలేదు.

(ఇక్కడ పండితులవారు కొంతసేపు మాటలాడలేదు. అటకమీది కట్టల సంగతి మా వీధిలో నందఱును ఎఱుగుదురు, అడిగినవారు లేరు.)

మామయ్య: సరే. ఊరక యుండినచో లోకము వెదకుకొని రాదని యొప్పుకొందును. కాని తిరుగుట కొఱకు సంపాదించుట వేఱు, సంపాదించుట కొఱకు తిరుగుట వేఱు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మదరాసు విడిచి, కాశీకి పోయి, మరుసటి సంవత్సరము సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆ యాత్రావృత్తాంతము 1838లో పుస్తకముగా వెలువడి నేటికిని మన భాషకు అలంకారముగా నున్నది. ఆయన సుప్రీంకోర్టులో దుబాసీగా ధనమును గౌరవమును గడించినవాడు. పల్లకీలతో పరివారముతో పోయినవాడు. దారిపొడుగునను తాను చూచినదానిని మిత్రునకు జాబులుగా వ్రాసెనే గాని, ఎవరికిని తన్ను తాను అమ్ముకొనవలసిన యవసరము ఆయనకు కలుగలేదు. దేశాటనమనగా అది.

మేనకోడలు: అనగా ధనికుడు మాత్రమే తిరుగవలెనన్నమాట. మీరే నాకు చెప్పిన మఱొక జంట యున్నది. వారికి పల్లకీ లేదు, పరివారము లేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, వేంకటగిరి, పిఠాపురము, సంస్థానము తరువాత సంస్థానము తిరిగిరి. సభ చేసిరి, సన్మానము పొందిరి, మఱల బయలుదేరిరి. తిరుపతి వేంకటకవులు తిరిగి బ్రదికినవారు గారా? తమ్ము తాము చాటుకొన్నవారు గారా? చూచిన రాజులను గూర్చిన పద్యములనన్నింటిని కూర్చి "నానారాజసందర్శనము" అని పేరుపెట్టి పుస్తకమే చేసిరే! నేటి భాషలో దానిని ఖాతాదారుల పట్టిక యందురు.

మామయ్య: (నవ్వుచు) నా అమ్ములపొదిలోని బాణమే నామీద వేసితివి. కానిమ్ము. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తమ్ము తాము చాటుకొనలేదని నేననను. చాటుకొన్నారు, అదియు మామూలుగా కాదు. పండితులకు మీసము తగదని లోకమనుచుండగా, తెలిసి తెలిసి మీసము పెంచిరి. సంస్కృతాంధ్రములు రెంటిలోను మమ్ము గెలిచినవాడున్నచో ఈ మీసములు తీసి మ్రొక్కుదుమనిరి. కొప్పరపు సోదరకవులతో వారి వివాదము పత్రికలకెక్కి, కరపత్రములకెక్కి, గుంటూరు సీమయంతయు రెండు పక్షములైనది.

మేనకోడలు: మఱి ఆ మీసమునకు నా ఊయల చిత్రమునకు భేదమేమి?

మామయ్య: భేదమే యంతయు. ఆ మీసము స్తుతి కాదు, పందెము. ఓడినచో పోవునది. నీ ఊయలకు పోవునదేమి యున్నది? శతావధానమనగా నేమో నీకు తెలియును. నూఱుగురు పృచ్ఛకులు వరుసగా కూర్చుందురు. ప్రశ్న వారిది, ఛందస్సు వారిది, వేయగూడని యక్షరము వారిది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున చెప్పుచు నాలుగు మార్లు తిరిగివచ్చి, చివర నూఱు పద్యములను మొదటినుండి ఒప్పగింపవలెను. అష్టావధానములోనైతే నడుమ అప్రస్తుత ప్రసంగి యొకడు, నీ ధార తెగగొట్టుటయే పనిగా ఏమేమో యడుగుచుండును. ఇంతయు ఊరిపెద్దలందఱు చూచుచుండగా. పద్యము తప్పినచో ఆ రాత్రికే పొరుగూరికి తెలియును. నెగ్గినచో ఆ నూఱుగురు పృచ్ఛకులే నూఱు నోళ్లతో చెప్పుకొనుచు తిరుగుదురు. అడిగిన ప్రశ్న తమది గనుక, వచ్చిన పద్యమును తమదే యని భావింతురు. ఇదియే వారి టముకు. నీవు నీ సైటులో పెట్టిన పనులను ఎన్నుకొన్నదెవరు?

మేనకోడలు: నేనే.

మామయ్య: చూచితివా! ప్రశ్నయు నీదే, జవాబును నీదే. దానిని సభలో ఎవ్వరును నమ్మరు.

మేనకోడలు: నేను నమ్మించుటకు ఇతర సాధనములు లేకపోలేదు. అప్‌వర్క్, ఫైవర్ వంటి యంగళ్లలో పని చేయించుకొన్నవారే నక్షత్రము లిత్తురు, అభిప్రాయము వ్రాయుదురు. అవి నేను వ్రాసినవి కావు.

మామయ్య: ఆ యంగడివాడు ఊరకనే కూర్చుండనిచ్చునా?

మేనకోడలు: ఇయ్యడు. ఫైవర్ నాకు వచ్చినదానిలో నూటికి ఇరువది తీసికొనును. అప్‌వర్క్ 2023లో నూటికి పది చొప్పున నొకే రేటు పెట్టినది, తరువాత దానిని మఱల మార్చినది. అక్కడ పరిచయమైన ఖాతాదారుతో, అంగడికి కట్టవలసిన పెద్దమొత్తము కట్టనిదే, రెండేండ్లవఱకు బయట వ్యవహరింపరాదను నిబంధనయు నున్నది.

మామయ్య: దలాలీ తప్పు కాదు, కాని కీర్తి కూడ వానియొద్దనే కుదువ పడినదన్నమాట. అంగడి మారినచో నక్షత్రములు నీ వెంట రావు. చెళ్లపిళ్లవారి సంగతి చూడుము. 1920లో తిరుపతిశాస్త్రిగారు స్వర్గస్థులైరి. తరువాత ముప్పది యేండ్లు వేంకటశాస్త్రిగారు జీవించిరి. ఒంటరిగా వ్రాసిన గ్రంథములను సైతము జంట పేరుతోనే ప్రకటించిరి. అది స్నేహధర్మము, సందేహము లేదు. కాని ఇంకొక సంగతియు నున్నది: ఎవరి చేతిలోను కుదువ పెట్టని పేరది. ఎక్కడికి పోయినను వారితో పోయినది.

(స్నేహధర్మమును వ్యాపారసూత్రముగా చెప్పుట నాకంతగా రుచింపలేదు. పండితులవారికిని రుచింపలేదేమో, గొంతు తగ్గించిరి.)

మేనకోడలు: అంగడులను నేను మెల్లమెల్లగా తగ్గించుకొనుచున్నాను. దారియే నాకు పని చూపుచున్నది. హిమాచలమున బీర్ అను ఊరున్నది. పారాగ్లైడింగు కొఱకు జనము వత్తురు. అక్కడ నేను దిగిన హోమ్‌స్టే యజమానురాలు దినమంతయు ఫోను పట్టుకొనియే యుండెడిది. అడుగువారందఱు అడుగునవి మూడే: కారు నిలుపుకొనుటకు చోటు కలదా, వేడినీళ్లు వచ్చునా, కుక్కను తేవచ్చునా. ఈ మూటికి జవాబులను, గదుల ధరలను, నేరుగ గది పట్టుకొను మీటను ఒక్క పుటలో పెట్టి, ఫోనులో వెంటనే తెరచుకొనునట్లు చేసి యిచ్చితిని. బుకింగు కంపెనీలకు పోవు కమీషను కొంత ఆమెకు మిగిలినది. ఆమె తన మేనత్త కొడుకునకు చెప్పినది, అతడు పారాగ్లైడింగు బడి నడుపువానికి చెప్పెను.

మామయ్య: గది యద్దెకు బదులుగా చేసితివా?

మేనకోడలు: లేదు. అద్దె వేఱుగా కట్టితిని, పనికి ఇన్‌వాయిస్ వేఱుగా ఇచ్చితిని. బస కొఱకు చేసిన పనికి ఊరిలో ధర పుట్టదు. రెండవవాడును "మా యింట నుండుము, సైటు చేసిపెట్టుము" అనును.

మామయ్య: ఇది తెలివి. పొరుగూరికి పోయిన వెలలేని పద్యము వెలలేనిదిగనే మిగులును. మఱి కనులయెదుట లేని బోస్టన్ వానికి ఏమని వ్రాయుదువు?

మేనకోడలు: మొదట అందఱివలెనే వ్రాసెడిదానను: నేను ప్రపంచమును చుట్టుచు సృజనాత్మకముగా పనిచేయుదానను, మీతో కలసి పనిచేయుటకు ఉవ్విళ్లూరుచున్నాను అని. ఎవరును జవాబీయలేదు. ఇప్పుడు వ్రాయు జాబు ఐదు పంక్తులు. ఒక దంతవైద్యుని సైటు ఉదాహరణము తీసికొనుడు: "మీ సైటును ఫోనులో తెరచినచో అపాయింట్‌మెంటు మీట మూడు తెరల క్రిందికి పోవుచున్నది, దానిమీద మీ చాట్ గుర్తు పడి నొక్కుటకు వీలు లేకున్నది. చిత్రము జతపరచితిని. సరిచేయుటకు రెండు దినములు పట్టును, ధర ఇంత. అక్కఱలేకున్నచో ఈ చిత్రమును మీ పనివానికి చూపుడు, ఆయనయే సరిచేయగలడు." ఈ చివరి మాట వ్రాసిన తరువాత జవాబులు వచ్చుట హెచ్చినది.

మామయ్య: అమ్మాయీ! ఇది సమస్యాపూరణము. ప్రశ్న వానిది; పూరణము నీది. నిషేధము కూడ వానిదే. ఇంతసేపును నేను చెప్పుచున్నది ఇదియే గదా! మఱి ఇది చేతనైనదానవు ఊయల నెందుకెక్కితివి?

మేనకోడలు: ఒక్కటి మీరు మఱచుచున్నారు. మీసము లేకున్నచో ఆ యవధానమునకు జనము వచ్చెడివారా? పందెమైన నేమి, ముందు జనము తలయెత్తి చూడవలెను. వట్టి పాండిత్యము గల శతావధానులు ఆ దినములలో మఱెందఱో యుండిరి, వారి పేర్లు మీకైనను జ్ఞాపకము లేవు.

మామయ్య: (ఆలోచించి) అది నిజము. కాని చూపు నిలుపుట కొక వేషము కావలెనన్నచో, అది నీ విద్యకు సంబంధించిన వేషమై యుండవలెను. వారి మీసము వాదమునకు ఆహ్వానము. నీ సముద్రము సెలవులకు ఆహ్వానము. నీకు డబ్బిచ్చువాడు దానిని చూచి, "ఈమె నా పని నడుమ ఈతకు పోవును" అనుకొనును. అనుకొనడా?

మేనకోడలు: అనుకొందురు. నేను తిరుగుచుందునని తెలిసి వెనుకకు పోయినవారున్నారు. కావున నేను స్థలమును చెప్పక, వేళను చెప్పుదును. దాచుట కాదు, అడిగినచో చెప్పుదును. నా ఊరు మారును గాని గంట మారదు. సాయంకాలము ఏడు మొదలు పదివఱకు, ఏ కొండమీద నున్నను, పిలిచినచో పలుకుదును. శీతకాలమున మన రాత్రి ఎనిమిది బోస్టన్‌వారికి ఉదయము తొమ్మిదిన్నర; మార్చిలో అమెరికావారు గడియారమును గంట ముందుకు జరుపుదురు, నవంబరులో వెనుకకు త్రిప్పుదురు; మనము జరుపము. ఆ రెండు వారములలో సమావేశములు తప్పిపోవుట సామాన్యము. అందువలన ప్రతి జాబులోను రెండు దేశముల వేళలును వ్రాయుదును. గది తీసికొనకముందు ఇంటర్నెట్ వేగము కొలిచిన చిత్రమును యజమానినడిగి తెప్పించుకొందును. సిమ్‌లు రెండుంచుకొందును; కొన్ని లోయలలో బీఎస్‌ఎన్‌ఎల్ తప్ప వేఱొకటి పలుకదు. ప్రయాణదినమున పని ఒప్పుకొనను.

మామయ్య: ఇవన్నియు నీ సైటులో నున్నవా?

మేనకోడలు: లేవు.

మామయ్య: ఊయల యున్నది, ఇవి లేవు! బాగున్నది.

మేనకోడలు: మీ మాటలలో న్యాయమున్నది. కాని చివరకు మీరనబోవునది నాకు తెలియును: తిరుపతిశాస్త్రిగారు పోలవరములోను, వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలోను స్థిరపడిరి, నీవును ఎక్కడనైన కుదురుకొనుము అందురు. బందరువారు ఆయనను ఊరకనే పిలిచిరా? ఊరూర తిరిగి చూపినందువలననే పిలిచిరి. తిరుగకున్నచో ఆ బడికి ఆయనయు, ఆయనకు విశ్వనాథ సత్యనారాయణగారి వంటి శిష్యులును లేరు. 1949లో మదరాసు ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిని చేసినది. ఆ పదవియు ఆ తిరుగుడు మొలకయే.

మామయ్య: నేననబోయినది అది కాదు. శ్రీనాథుని గూర్చి అనబోయితిని. కొండవీడు, రాచకొండ, విజయనగరము, రాజమహేంద్రవరము. ఆయన కంటె తిరిగినవాడును, తన్ను చాటుకొన్నవాడును మన కవులలో లేడు. కనకాభిషేకము పొందినవాడు. రెడ్డిరాజ్యము కూలిన పిమ్మట శిస్తు కట్టలేక ఎన్ని యగచాట్లు పడెనో చాటువులు చెప్పుచునే యున్నవి. కీర్తి కొండంత యుండెను, ఆదరించువారే లేకపోయిరి.

మేనకోడలు: అది తిరుగుటవలన వచ్చిన చేటు కాదు మామయ్యా, ఒకే తెగ ప్రభువులను నమ్ముకొనుటవలన వచ్చినది. అందుకే నా యాదాయములో మూడవ వంతునకు మించి యే యొక్క ఖాతాదారునుండియు రానీయను. వచ్చుచున్నచో ఆ నెల క్రొత్త జాబులు ఎక్కువ వ్రాయుదును. ఉద్యోగస్థుని యాదాయమంతయు ఒక్కనినుండియే వచ్చును. శ్రీనాథుని భయము నాకంటె వానికే యుండవలెను.

(ఈ మాటకు నాయొద్దను జవాబు లేదు.)

మామయ్య: సరే, దేశము దాటినపుడో? థాయ్‌లాండు పోవలెనని మీ అమ్మతో నన్నావట.

మేనకోడలు: అనుకొనుచున్నాను. 2024లో వారు దూరమునుండి పనిచేసికొనువారికి ప్రత్యేకముగా నొక వీసా పెట్టిరి. ఐదేండ్లు చెల్లును, ఒక్కమారు ప్రవేశించినచో నూట ఎనుబది దినము లుండవచ్చును. ఐదు లక్షల బాత్‌ల నిల్వ చూపవలెను.

మామయ్య: మన రూపాయలలో పండ్రెండు లక్షల పైమాటే. అంత నిల్వ లేనివారు?

మేనకోడలు: చాలమంది సందర్శక వీసాతో పోయి, గుట్టుగా పని చేసికొందురు.

మామయ్య: గుట్టుగా చేయుచు, "నేటి నా కార్యాలయము" అని సముద్రతీరపు చిత్రము ప్రకటింతురు! పనిచేయరాని వీసాతో నిలిచి పనిచేయుచున్నానని తన చేతితోనే లోకమునకు వ్రాసియిచ్చుట! నీ టముకే నీమీద సాక్ష్యమగును గదా. డబ్బు కూడినప్పుడే పొమ్ము.

మేనకోడలు: అట్లే. ఇపుడు నాకొక యుపకారము చేయుడు. నా పుటను మీ ముందు తెఱచెదను. మీరు పృచ్ఛకులుగ నుండుడు, కఠినముగా నడుగుడు.

మామయ్య: ఇటు తెమ్ము. కండ్లజోడు... ఆఁ. ఇందులో నీ పేరు కంటె ముందు నీవు చూచిన రాష్ట్రములున్నవి, వానిని తీసివేయుము. నీవు కట్టిన సైట్లు పదునాలుగున్నవి. వానిలో ప్రతిదానికి ముందు ఆ యజమాని యడిగినదేమో, నీవు చేసినదేమో, చేయలేకపోయినదేమో వ్రాసి, మూడుంచి తక్కినవి తీయుము. బీర్ యజమానురాలు ఒప్పుకొన్నచో, ఆమె మాట ఆమె భాషలోనే పెట్టుము. పలుకు వేళలు పైన నుంచుము, రెండు దేశములవియు. ప్రయాణదినమున పని లేదని వ్రాయుము. అది చదివి పోవువాడు పోనిమ్ము. క్రింద చిరునామా యేది?

మేనకోడలు: ఊరు లేనిదానికి చిరునామా యేమి వ్రాయుదును?

మామయ్య: పన్ను కట్టువానికి ఊరు లేకుండునా? ఈ యింటిది వ్రాయుము, నీ పాన్ కాగితములో నున్నది ఇదియే. జాబులు వచ్చినచో తీసి యుంచెదను. ఊయల చిత్రమును రేపటిలోగా తీసివేయుము. ఇంత చేసిన పిమ్మట నీవు ఏ కొండల కెక్కినను, ఏ కడలి యొడ్డున కూర్చుండినను నాకభ్యంతరము లేదు. నీవు కుదురుగా ఎప్పుడుందువని మీ అమ్మ అడిగినచో మాత్రము, నీవే చెప్పుకొనవలెను.